ఆర్‌ఓ నీళ్లు సన్నగా వస్తున్నాయా? మెంబ్రేన్ మార్చే ముందు ఈ టెస్టులు చేయండి

ఫోన్ స్లో అయితే మనం ఏం చేస్తాం? స్టోరేజ్ ఎంత ఉందో చూస్తాం, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏ యాప్ నడుస్తోందో చూస్తాం, రీస్టార్ట్ చేస్తాం. నేరుగా వెళ్లి మదర్‌బోర్డ్ మార్చేయం కదా! కానీ వాటర్ ప్యూరిఫైయర్ స్లో అయితే మాత్రం చాలా ఇళ్లలో జరిగేది అదే. సర్వీస్ వాళ్లు వస్తారు, మూత తీస్తారు, "మెంబ్రేన్ పోయింది సార్" అంటారు. మనం తలూపి డబ్బులు ఇచ్చేస్తాం. అది ప్యూరిఫైయర్‌లో ఖరీదైన పార్టుల్లో ఒకటి. నిజంగా పోయిందో లేదో చెక్ చేసే వాళ్లు తక్కువ.

నేను ప్లంబర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అయితే ప్యూరిఫైయర్ కూడా ఒక పైప్‌లైనే. ఒక స్టేజ్ నుంచి బయటికొచ్చేది తర్వాతి స్టేజ్‌కి ఇన్‌పుట్. ఎక్కడ ఆగిందో స్టేజ్ తర్వాత స్టేజ్ కొలిస్తే తెలిసిపోతుంది. దానికి కావాల్సినవి ఒక లీటరు బాటిల్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే టీడీఎస్ మీటర్. అంతే.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పాలి. నీళ్లు సన్నగా రావడం అంత ప్రమాదకరమైన ఫాల్ట్ కాదు. అది కనిపించే ఎర్రర్. అసలు భయపడాల్సినవి నీళ్లు బాగా వస్తున్నప్పుడే నిశ్శబ్దంగా జరిగే ఫెయిల్యూర్లు. వాటి గురించి కూడా ఈ ఆర్టికల్‌లోనే మాట్లాడుకుందాం.

ముందు కంప్లైంట్ ఏంటో తేల్చుకోండి

"నీళ్లు స్లోగా వస్తున్నాయి" అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు సమస్యలు ఉంటాయి.

ఒకటి, వంటింటి ట్యాపులోనే ధార సన్నగా ఉంది. ఇది ఇంటి ప్లంబింగ్ సమస్య, ప్యూరిఫైయర్‌కి సంబంధం లేదు.

రెండు, ప్యూరిఫైయర్ ట్యాంకు నిండటానికి గంటలు గంటలు పడుతోంది. ఇది ఫిల్టర్లు, పంపు, మెంబ్రేన్ వైపు సమస్య.

మూడు, ప్యూరిఫైయర్ ట్యాంకు నిండుగానే ఉంది కానీ దాని ట్యాపులో నీళ్లు సన్నగా వస్తున్నాయి. మన ఇళ్లలో ఉండే చాలా మోడల్స్‌లో ట్యాంకు నుంచి గ్లాసులోకి నీళ్లు కేవలం తమ బరువుతో దిగుతాయి. పంపు పని అక్కడ ఉండదు. కాబట్టి ఈ కేసులో ట్యాపులో పాచి లేదా ఉప్పు పేరుకుని ఉండాలి, లేదంటే ట్యాంకుకీ ట్యాపుకీ మధ్యలో ఫిల్టర్ ఉన్న మోడల్ అయితే అది మూసుకుపోయి ఉండాలి. దీనికి మెంబ్రేన్ మార్చడం అంటే కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టు.

ట్యాంకు ఎత్తే మీ ప్రెజర్

అపార్ట్‌మెంట్లలో మనకొచ్చే ప్రెజర్ అంతా టెర్రస్ మీద ట్యాంకు ఎత్తు వల్లే వస్తుంది. లెక్క చాలా సింపుల్: 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్. 5 అంతస్తుల బిల్డింగ్‌లో కింది ఫ్లాట్‌కి 15 మీటర్ల దాకా ఎత్తు దొరుకుతుంది, అంటే 1.5 బార్. అదే టాప్ ఫ్లోర్ వాళ్ల పరిస్థితి చూడండి. ట్యాంకు నేరుగా స్లాబ్ మీదే పెట్టారు, మీ ప్యూరిఫైయర్‌కి నీళ్లిచ్చే వాల్వు స్లాబ్‌కి 2 మీటర్ల కింద ఉంది, ట్యాంకులో మీటరు ఎత్తు నీళ్లున్నాయి అనుకుందాం. మొత్తం 3 మీటర్లు. అంటే 0.3 బార్.

చాలా ఆర్‌ఓ మోడల్స్ మాన్యువల్‌లో కనీస ఇన్‌లెట్ ప్రెజర్ కూడా ఆ చుట్టుపక్కలే రాసి ఉంటుంది. అంటే మీరు సరిగ్గా బోర్డర్‌లో ఉన్నారు. ట్యాంకు పావు వంతుకి దిగగానే 0.22 బార్‌కి పడిపోతుంది. లో-ప్రెజర్ స్విచ్ ఉన్న మెషీన్ అయితే "నీళ్లు లేవు" అనుకుని ఆగిపోతుంది. మళ్లీ మోటారు వేసి ట్యాంకు నింపగానే నడుస్తుంది. పొద్దున పనిచేసి సాయంత్రం ఆగిపోయే ప్యూరిఫైయర్ల వెనుక చాలాసార్లు ఉండే కథ ఇదే. దీనికి పరిష్కారం ట్యాంకుని స్టాండ్ మీదకి ఎత్తించడం, లేదా టెర్రస్ మీద చిన్న ప్రెజర్ పంపు పెట్టించడం.

ఒక హెచ్చరిక: పంపు పెట్టేది ట్యాంకు తర్వాతే. మున్సిపల్ నల్లా లైనుకి నేరుగా మోటారు బిగించడం చట్టవిరుద్ధం. హైదరాబాద్‌లో జలమండలి అలాంటి మోటార్లను స్వాధీనం చేసుకుని జరిమానా కూడా వేస్తుంది. పైగా మోటారు లాగినప్పుడు పైపులో ప్రెజర్ సున్నా కంటే కిందికి పోయి, ఎక్కడైనా లీకేజీ ఉంటే అక్కడి మురుగు లోపలికి వచ్చేస్తుంది. పక్కింటివాళ్ల వాటా లాక్కోవడమే కాదు, వాళ్లతో పాటు మనకి కూడా మురుగు పంచినట్టు.

వంటింటి ట్యాపు సన్నగా వస్తుంటే

ముందు ఒక ప్రశ్న: ఒక్క ట్యాపేనా, ఇల్లంతానా? ఇల్లంతా అయితే ట్యాంకు లెవెల్, టెర్రస్ మీద గేట్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా, పైపులో గాలి ఇరుక్కుందా అని చూడాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నింపిన రోజే సమస్య మొదలైతే ఎయిర్ లాక్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. కింది ట్యాపులన్నీ కాసేపు తెరిచి ఉంచితే తరచూ అదే పోతుంది. పాత ఇళ్లలో ఇనుప పైపులైతే లోపల తుప్పు పెరిగి పైపు దారే సన్నబడిపోతుంది. దానికి పైపు మార్చడం తప్ప వేరే దారి లేదు.

ఒక్క ట్యాపులోనే అయితే పని తేలిక. ట్యాపు మూతి దగ్గర చిన్న జల్లెడ లాంటిది ఉంటుంది, అదే ఏరేటర్. దాన్ని తిప్పి తీసేసి ట్యాపు తెరవండి. ధార ఒక్కసారిగా పెరిగిందా? దొంగ దొరికినట్టే. బోరు నీళ్ల ఉప్పు, ఇసుక అందులో పేరుకుంటాయి. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా గోరువెచ్చని నీళ్లలో కలిపి, ఏరేటర్‌ని అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. షవర్‌కి కూడా ఇదే మందు.

ఏరేటర్ తీసినా ధార పెరగకపోతే సింక్ కింద గోడకి ఉండే యాంగిల్ వాల్వు చూడండి. సగం మూసి ఉండొచ్చు. దాన్ని మూసేసి, పైన ట్యాపుకి వెళ్లే ఫ్లెక్సిబుల్ పైపు విప్పి, ఒక బకెట్ పట్టుకుని మెల్లగా తెరవండి. ఇక్కడ ధార బాగుంటే లోపం పైపులోనో ట్యాపు లోపలి కార్ట్రిడ్జ్‌లోనో ఉంది. ఇక్కడే సన్నగా ఉంటే లోపం వాల్వులోనో, గోడలోని పైపులోనో.

కొన్ని ఏరేటర్లు కావాలనే ధార తగ్గిస్తాయి, నీళ్లు ఆదా చేయడానికి. 2024 వేసవిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు నీటి బోర్డు మాల్స్, హోటళ్ల లాంటి చోట్ల వీటిని తప్పనిసరి చేసింది. మీ ట్యాపుకి అలాంటిదే ఉంటే అది ఫాల్ట్ కాదు, ఫీచర్.

ప్యూరిఫైయర్‌కి స్పీడ్ టెస్ట్

ఇప్పుడు మెషీన్ దగ్గరికి వద్దాం. మెంబ్రేన్ మీద 75 జీపీడీ, 80 జీపీడీ అని రాసి ఉంటుంది. అంటే రోజుకి అన్ని అమెరికన్ గ్యాలన్లు. 75 జీపీడీ అంటే రోజుకి 284 లీటర్లు, గంటకి దాదాపు 12 లీటర్లు, నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్లు. అయితే ఇది ల్యాబ్ నంబర్. ఇంటర్నెట్ ప్యాకేజీలో "అప్ టు" అన్నట్టే. 25 డిగ్రీల నీళ్లు, తక్కువ టీడీఎస్, సరైన ప్రెజర్ ఉంటేనే అంత వస్తుంది. నీళ్లు ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ ఫ్లో దాదాపు 3 శాతం తగ్గుతుంది. అందుకే జనవరిలో మెషీన్ స్లో అయిందని కంగారు పడక్కర్లేదు.

టెస్ట్ ఇలా చేయండి. ట్యాంకులో నీళ్లు సగానికి దించి, లెవెల్ దగ్గర బయట చిన్న టేప్ ముక్క అంటించండి. అరగంట మెషీన్ నడపండి. తర్వాత స్విచ్ ఆఫ్ చేసి, టేప్ దగ్గరికి లెవెల్ వచ్చే దాకా నీళ్లు లీటరు బాటిల్‌తో పట్టండి. ఎన్ని లీటర్లు వచ్చాయో అదే మీ అరగంట స్పీడ్. ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు. మెషీన్ కొత్తగా ఉన్నప్పుడు, లేదా ఫుల్ సర్వీస్ అయిన రోజు వచ్చిన నంబర్ మీ బేస్‌లైన్. తర్వాత దాంతోనే పోల్చాలి, డబ్బా మీద రాసిన నంబర్‌తో కాదు.

రెండు పైపులు చెప్పే నిజం

మెంబ్రేన్ నుంచి రెండు దారులు ఉంటాయి: మంచినీళ్లు, వేస్ట్ నీళ్లు. మంచినీళ్ల స్పీడ్ పైన కొలిచాం. వేస్ట్ పైపు కింద మెజరింగ్ జార్ పెట్టి ఒక నిమిషం పట్టండి. ఇప్పుడు రెండూ కలిపి చదవండి.

మంచినీళ్లు తక్కువ, వేస్ట్ కూడా తక్కువ: అసలు లోపలికే నీళ్లు సరిగ్గా రావట్లేదు. ఇన్‌లెట్ వాల్వు, బయట తెల్లటి క్యాండిల్ ఉండే ప్రీ-ఫిల్టర్, లోపలి సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు, సోలెనాయిడ్ వాల్వు, పంపు చూడాలి. మెంబ్రేన్ జోలికి ఇంకా వెళ్లొద్దు.

మంచినీళ్లు తక్కువ, వేస్ట్ మామూలుగానే ఉంది: మెంబ్రేన్ మీద ఉప్పు గడ్డకట్టి ఉండొచ్చు, లేదా పంపు బలహీనపడి ఉండొచ్చు. పంపు ప్రెజర్‌ని గేజ్‌తో కొలిచి చూపించమని అడగండి.

మంచినీళ్లు తక్కువ, వేస్ట్ మాత్రం వరదలా పోతోంది: వేస్ట్ లైన్‌లో ఫ్లో రెస్ట్రిక్టర్ అనే చిన్న పార్టు ఉంటుంది. మెంబ్రేన్ మీద ప్రెజర్ నిలబెట్టేది అదే. అది పాడైంది. మెంబ్రేన్‌తో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

వేస్ట్ దాదాపు ఆగిపోయింది: రెస్ట్రిక్టర్ మూసుకుపోయింది. నీళ్లు ఆదా అవుతున్నాయని సంతోషపడొద్దు. బయటికి పోవాల్సిన ఉప్పంతా మెంబ్రేన్ మీదే పేరుకుని కొన్నాళ్లకి దాన్ని చంపేస్తుంది.

మొన్న ఖమ్మం నుంచి నాన్న ఫోన్ చేసి, "ఏరా, మెంబ్రేన్ పోయిందంటున్నారు, మార్పించెయ్యమంటావా?" అని అడిగారు. వీడియో కాల్‌లో ఇదే టెస్ట్ చేయించాను. రెండు పైపులూ సన్నగా ఉన్నాయి. "నాన్నా, బయట ఉన్న క్యాండిల్ ఒకసారి తీసి చూపించండి" అన్నాను. తెల్లగా ఉండాల్సింది ఎర్రమట్టి రంగులో ఉంది. క్యాండిల్ మార్చాక అరగంట టెస్ట్ మళ్లీ చేస్తే స్పీడ్ పాత నంబర్‌కి వచ్చేసింది. మెంబ్రేన్ ఇంకా అదే నడుస్తోంది.

చప్పుడు చేయని ఫెయిల్యూర్లు

ఇప్పుడు అసలు విషయం. నీళ్లు ఉన్నట్టుండి ఫాస్ట్‌గా వస్తున్నాయంటే సంతోషించకండి, అనుమానించండి. మెంబ్రేన్ చిరిగినా, దాని రబ్బర్ రింగు జారినా నీళ్లు ఫిల్టర్ కాకుండానే ట్యాంకులోకి వచ్చేస్తాయి. స్పీడ్ పెరుగుతుంది, టీడీఎస్ కూడా పెరుగుతుంది. మెషీన్ 10 నిమిషాలు నడిచాక, మెంబ్రేన్ నుంచి వచ్చే పైపు దగ్గర టీడీఎస్ కొలవండి. ఆన్ చేసిన వెంటనే కొలిస్తే నంబర్ ఎక్కువ చూపిస్తుంది. లోపలికి 600 వెళ్లి బయటికి 60 వస్తే మెంబ్రేన్ 90 శాతం ఉప్పుని ఆపుతోందని అర్థం. ఇది నెల నెలా పడిపోతుంటే అప్పుడు మెంబ్రేన్ మార్చండి. టీడీఎస్ కంట్రోలర్ ఉన్న మోడల్స్‌లో కొన్ని మామూలు నీళ్లు కావాలనే కలుపుతారు కాబట్టి గ్లాసులో కొలిచిన నంబర్ ఎక్కువే ఉంటుంది, అది చూసి మోసపోవద్దు.

రెండోది కార్బన్ ఫిల్టర్. మున్సిపల్ నీళ్లలో ఉండే క్లోరిన్‌ని పీల్చేది ఇదే. దీని టైమ్ అయిపోయినా నీళ్లు మామూలుగానే వస్తాయి, టీడీఎస్ మీటర్‌కి కూడా తేడా తెలియదు. కానీ క్లోరిన్ నేరుగా మెంబ్రేన్ మీదకి వెళ్లి దాని పొరని కొద్దికొద్దిగా తినేస్తుంది. చవకైన కార్బన్ మార్చకుండా మిగిల్చిన డబ్బు, ఖరీదైన మెంబ్రేన్ కింద పోతుంది.

మూడోది యూవీ ల్యాంప్. నీలం లైటు వెలుగుతోంది కదా అనుకుంటాం. క్రిములని చంపేది మన కంటికి కనిపించని 254 నానోమీటర్ల కిరణం. ల్యాంప్ పాతబడే కొద్దీ నీలం వెలుగు అలాగే ఉన్నా ఆ కిరణం తగ్గిపోతుంది. సాధారణంగా ల్యాంప్ జీవితం 8000 గంటల చుట్టూ చెబుతారు. దాన్ని మూత తీసి నేరుగా చూడొద్దు, కళ్లకి ప్రమాదం.

టీడీఎస్ మీటర్ చెప్పని సంగతులు

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో మాత్రమే. బ్యాక్టీరియా దానికి తెలియదు. ఫ్లోరైడ్ విడిగా తెలియదు. ఫ్లోరోసిస్‌తో ఏళ్ల తరబడి నలిగిన నల్గొండ జిల్లా మనకి తెలిసిందే. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటికతో, సున్నంతో చేసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు కూడా ఉంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరుకి ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ 400 చూపించే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంతకు మించి ఉన్నా మీటర్ ఏమీ చెప్పదు. బోరు నీళ్లు తాగే ఊళ్లలో ఒక్కసారైనా ల్యాబ్ టెస్ట్ చేయించాలి.

అదే ప్రమాణంలో టీడీఎస్‌కి కోరదగ్గ పరిమితి 500. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 కంటే తక్కువున్న చోట్ల ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని కేంద్రానికి చెప్పింది, కారణం వృథా అయ్యే నీళ్లు. మీ ఇంటికి వచ్చేవి నది నీళ్లై, టీడీఎస్ 200 దగ్గరుండి, ల్యాబ్ రిపోర్ట్ క్లియర్‌గా ఉంటే యూవీ, యూఎఫ్ ఉన్న చిన్న మెషీన్ చాలు.

ఇంకోటి. కొందరు సేల్స్ వాళ్లు రెండు గ్లాసుల్లో రెండు రాడ్లు ముంచి కరెంటు పెడతారు. మామూలు నీళ్లు గోధుమ రంగుకి మారతాయి, ఆర్‌ఓ నీళ్లు అలాగే ఉంటాయి. "చూశారా మేడమ్, ఇన్నాళ్లూ మీరు ఈ మురికి తాగారు" అంటారు. ఆ రంగు నీళ్లలోది కాదు, రాడ్‌లోని ఇనుము కరిగి వచ్చింది. ఉప్పు తక్కువున్న ఆర్‌ఓ నీళ్లలో కరెంటు పారదు కాబట్టి రంగు రాదు. ఆ ఆర్‌ఓ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. షో అక్కడితో అయిపోతుంది.

మార్చేటప్పుడు గుర్తుంచుకోండి

మామూలుగా బయటి క్యాండిల్ 3 నెలలకి, సెడిమెంట్, కార్బన్ 6 నుంచి 12 నెలలకి, మెంబ్రేన్ 2 నుంచి 3 ఏళ్లకి అంటారు. కానీ ఇసుక వచ్చే బోరు ఇంట్లో క్యాండిల్ నెలకే పోవచ్చు. ప్రీ-ఫిల్టర్లకి రంగు, స్పీడ్ చూడండి. మెంబ్రేన్‌కి టీడీఎస్ చూడండి. ఏ మీటరూ పట్టుకోలేని కార్బన్, యూవీలని మాత్రం క్యాలెండర్ ప్రకారమే మార్చండి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ తీసేయండి, ఇన్‌లెట్ వాల్వు మూయండి. పైపు లాగే ముందు చిన్న లాక్ క్లిప్ తీసి, రింగుని లోపలికి నొక్కి లాగాలి, లేదంటే విరిగిపోతుంది. రబ్బర్ రింగుకి వంటనూనె, వాజిలిన్ రాయొద్దు, ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు మాత్రమే. కొత్త కార్బన్ నుంచి మొదట నల్లటి నీళ్లు వస్తాయి, అవి పోయే దాకా పారబోయండి. కొత్త మెంబ్రేన్ వేస్తే మొదటి ట్యాంకు నీళ్లు తాగొద్దు. తీసేసిన పాత పార్టులు మీ దగ్గరే ఉంచుకోండి. వారంటీలో ఉంటే ముందు కార్డు చదవండి, సొంతంగా విప్పితే వారంటీ పోవచ్చు.

వేస్ట్ నీళ్ల సంగతి: మెషీన్ ఒక లీటరు మంచినీళ్లకి మూడు లీటర్లు బయటికి వదులుతుంటే, 600 టీడీఎస్ నీళ్లు వేస్ట్ పైపులో దాదాపు 800 అవుతాయి, అంతే. గచ్చు తుడవడానికి, బాత్రూమ్‌కి, బైక్ కడగడానికి హాయిగా పనికొస్తాయి. కుండీ మొక్కలకి రోజూ అవే పోస్తే మాత్రం మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

చివరగా, ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి. నెలకోసారి నాలుగు నంబర్లు: లోపలి టీడీఎస్, బయటి టీడీఎస్, అరగంటకి ఎన్ని లీటర్లు, నిమిషానికి ఎంత వేస్ట్. పక్కన ఏ పార్టు ఎప్పుడు మార్చారో తేదీ. పది నిమిషాల పని. ఈసారి ఎవరైనా వచ్చి "మెంబ్రేన్ పోయింది సార్" అంటే వాదించక్కర్లేదు. ఆ నోట్ తెరిచి, "ఏ నంబర్ చూసి చెబుతున్నారు?" అని ఒక్క మాట అడగండి చాలు.